వేప బుడిపెతో పూల్ క్యూ

కావలి కట్టెల అడితిలో వేప, చింత మొద్దులు తూకానికి అమ్ముతారు. ఆ కుప్పలో అప్పుడప్పుడూ కడుపు ఉబ్బినట్టు పెద్ద బుడిపె ఉన్న దుంగ ఒకటి తగులుతుంది. గొడ్డలి దిగదు, దిగినా చీలదు, అందుకని కట్టెలు కొట్టేవాళ్లు తిట్టుకుంటూ దాన్ని ఓ పక్కకి నెట్టేస్తారు. పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రలు, అంటే క్యూలు చేసే నేను ముందు వెతికేది ఆ పక్కనే. మామూలు కట్టె రేటుకే ఇచ్చేస్తారు, లోపల ఏముందో కోసేదాకా ఎవరికీ తెలియదు.

చెట్టుకు దెబ్బ తగిలినప్పుడో తెగులు పట్టినప్పుడో ఒకచోట మొగ్గలు కొమ్మలుగా సాగకుండా గుంపుగా ఉండిపోతే, కర్ర వాటి చుట్టూ సుడులు తిరుగుతూ పెరుగుతుంది. క్యూ పనిలో బర్ల్ అనేది దీన్నే. కోసిన ముఖాన్ని తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. చిన్న చిన్న కళ్లు, ఒక్కో కన్ను చుట్టూ సన్నటి రింగులు, మధ్యమధ్యలో బెరడు లోపలికి చొచ్చుకుపోయిన నల్లటి చీలికలు, ఏ రెండు అంగుళాలూ ఒకలా ఉండవు. నీళ్లు ఆరిపోయేలోపే ఏ ముఖం బయటికి రావాలో పెన్సిల్‌తో గీసి పెట్టుకుంటాను.

బయటి దేశాల్లో మేపుల్ బర్ల్, బక్‌ఐ బర్ల్, మొరాకో నుంచి వచ్చే థూయా, ఆగ్నేయాసియా అంబోయినా వాడతారు. అంబోయినా, మన వెలిగొండల ఎర్రచందనం రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. అయినా ఎర్రచందనం జోలికి మాత్రం పోను, ముక్క ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేస్తాను. మన వేపలో, చింతలో ఉన్న అందం చాలు, దాన్ని పొయ్యిలో పెట్టడమే నాకు బాధ.

అయితే అందం చూసి బర్ల్ ఒక్కదానితోనే క్యూ చేస్తే మాత్రం ఆడేవాడికి అన్యాయం చేసినట్టే. కర్రకు బలం ఇచ్చేది నిలువుగా సాగే నార, బర్ల్‌లో అదే ఉండదు. కొట్టిన దెబ్బ చేతికి మెత్తగా, చచ్చినట్టు తెలుస్తుంది, నాలుగు నెలలకి కర్ర ఏ పక్కకి వంగుతుందో చెప్పలేం. అందుకే మధ్యలో ముప్పావు అంగుళం రంధ్రం చేసి, తిన్నని నార ఉన్న మేపుల్ కడ్డీని నిదానంగా ఆరే ఎపాక్సీ జిగురుతో దింపుతాం. కడ్డీ మీద సన్నగా గాడి తీస్తేనే గాలి, మిగిలిన జిగురు బయటికి పోతాయి, లేకపోతే లోపల ఖాళీ ఉండిపోయి కొట్టినప్పుడల్లా సన్నగా జిర్రుమంటుంది. క్యూలో చేత్తో పట్టుకునే వెనక సగాన్ని బట్ అంటారు, దాని వ్యాసం కింది చివర సుమారు 1.25 అంగుళాలు, ముందు సగంతో కలిసే జాయింట్ దగ్గర 0.84 అంగుళాలు ఉంటుంది. లెక్క వేసుకోండి, కింద బర్ల్ మందం 6 మిల్లీమీటర్లు, పైన జాయింట్ దగ్గరికొచ్చేసరికి 1 మిల్లీమీటరు మాత్రమే. కంటికి కనిపించేది వేప, చేతికి తెలిసేది మేపుల్.

ఆరబెట్టడంలోనే అసలు టెన్షన్ అంతా. మామూలు పలకకి రెండు చివర్లా మైనం పూస్తే సరిపోతుంది గానీ, బర్ల్‌కి నార అన్ని వైపులా తెగి ఉంటుంది కాబట్టి ముక్క మొత్తానికీ పూయాలి. పైగా మాది సముద్రం పక్క ఊరు, నవంబరు వాయుగుండాలకి కర్ర తేమ పీల్చుకుంటుంది, రోహిణి కార్తె వడగాడ్పులకి అదంతా వదిలేస్తుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటాక కూడా పగుళ్లు పెరగని ముక్కనే రంధ్రానికి తీసుకుంటాను. కడ్డీ దింపిన తర్వాత కూడా తొందరేం లేదు, కొంచెం కొంచెం లేత్ మీద తీసి, నిలువుగా వేలాడదీసి, వారాల తర్వాత మళ్లీ పట్టి చూసి, వంకర వచ్చుంటే ఇంకొంచెం తీయాలి. పదునైన పనిముట్టు, చాలా పలచటి కోత. కన్ను దగ్గర పనిముట్టు తట్టుకుంటే చిప్ప లేచి మొహం మీదికి వస్తుంది, అద్దాలు, మాస్క్ లేకుండా మాత్రం వద్దు, ఆ దుమ్ము కొందరి ఒంటికి పడదు.

చీలికల్లో ఇప్పుడు చాలామంది నీలం రంగు పొడి నింపుతున్నారు. నాకు నచ్చదు. అదే ముక్క నుంచి వచ్చిన పొడిని నింపి, పలచటి ఫెవిక్విక్ లాంటి జిగురు చుక్కలుగా వేస్తే నలుపు నలుపుగానే ఉంటుంది. మరీ గుల్లగా ఉంటే వాక్యూమ్‌లో రెజిన్ పట్టించి ఓవెన్‌లో గట్టిపరచాలి, కాకపోతే బరువు పెరుగుతుంది. మొత్తం క్యూ 18 నుంచి 21 ఔన్సుల్లో రావాలి కాబట్టి అది ముందే లెక్కలో పెట్టుకోవాలి.

ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అక్కడివాళ్లకి దుర్గం కొండల కర్ర గురించి నాకన్నా ఎక్కువ తెలుసు. బుడిపె కోసే పద్ధతి మీద వాళ్లతో కూర్చుని మాట్లాడాలనుంది. ఈలోపు కందుకూరు, కావలి వైపు ఎవరింట్లోనైనా వేప చెట్టు పడిపోతే, బుడిపెని ముక్కలు చేయకండి. రెండు పక్కలా ఒక్కో జానెడు కాండం వదిలి కోయించి, నీడలో పెట్టి నాకు చెప్పండి.