దోనె ఎక్కనివ్వని ప్రభువు

మూడేళ్ల కిందటి మాట. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయానికి పాస్టరుగారు నా వైపు చూశారు. లేచి మైకు అందుకున్నాను. దేవుడు నా కోపాన్ని ఎలా తీసేశాడో, ఒకప్పుడు ఎలా ఉండేవాణ్ణో, ఇప్పుడెలా ఉన్నానో ఓ పది నిమిషాలు చెప్పాను. ముందు వరసలో ఒక పెద్దాయన రెండుసార్లు "స్తోత్రం" అన్నారు. దాంతో ఇంకో ఐదు నిమిషాలు పొడిగించాను.

మందిరం నుంచి మా ఇంటికి బండి మీద పావుగంట. మా ఆవిడ వెనక కూర్చుంది. రైల్వే గేటు పడింది. గూడ్సు పోతోంది, పెట్టెలు ఎంతకీ తరగట్లేదు. అప్పుడు నెమ్మదిగా అడిగింది, "ఇందాక మైకులో చెప్పింది ఎవరి గురించండీ?"

ఆ పొద్దున చొక్కా ఇస్త్రీ చేసి లేదని నేను అరిచిన అరుపుకి పక్కింటి పిల్లాడు గోడ మీంచి తొంగి చూశాడు. మైకు పట్టుకునేసరికి ఆ సంగతి నాకు గుర్తే లేదు. ఆవిడకి ఉంది. గేటు ఎత్తేదాకా నేను వెనక్కి తిరగలేదు.

"సారీ" అనడం ఆ సాయంత్రమే అయిపోయింది, అదేమంత కష్టం కాదు. "తప్పు నాదే" అనడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లోనే మార్కు సువార్త అయిదో అధ్యాయం మళ్లీ చదివాను. అంతకుముందు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ప్రతిసారీ పందుల దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఇంచుమించు రెండు వేల పందులు కొండ మీంచి సముద్రంలో పడటమంటే మాటలా! ఆ హడావిడిలో చివరి రెండు మూడు వచనాలు కంటికి ఆనేవి కావు.

కథ మీకు తెలిసిందే. గలిలయ సముద్రానికి అవతలి ఒడ్డు, గెరాసేనుల దేశం. సమాధుల్లో కాపురమున్న మనిషి. సంకెళ్లు వేస్తే తెంపేవాడు, రాత్రింబగళ్లు కేకలేస్తూ రాళ్లతో తనను తానే గాయపరచుకునేవాడు. పేరేమిటంటే "సేన" అన్నాడు. యేసు ఆ సేనని వెళ్లగొట్టాడు. ఊరివాళ్లు వచ్చి చూసేసరికి ఆ మనిషి "బట్టలు ధరించుకొని, స్వస్థచిత్తుడై" కూర్చుని ఉన్నాడు. ఆ బట్టలు ఎక్కడివో మార్కు చెప్పడు. శిష్యుల్లో ఎవరో తన పైబట్ట తీసి ఇచ్చి ఉంటారని నాకు అనిపిస్తుంది. అది నా ఊహే, వాక్యంలో లేదు.

ఇక ఈ అధ్యాయంలో ఒక మాట పదేపదే వస్తుంది: బతిమాలుకోవడం. మమ్మల్ని ఈ దేశం నుంచి తోలెయ్యొద్దని దయ్యాలు బతిమాలుకున్నాయి. పందుల్లోకి పోనిమ్మని మళ్లీ బతిమాలుకున్నాయి, ఆయన సెలవిచ్చాడు. పందులు పోయిన ఊరివాళ్లు మా ప్రాంతం విడిచి పొమ్మని బతిమాలుకున్నారు. ఆయన మారుమాట లేకుండా దోనె ఎక్కాడు. అప్పుడు ఈ బాగుపడ్డ మనిషి వచ్చి, "ఆయనయొద్ద తన్నుండనిమ్మని" బతిమాలుకున్నాడు. ఆయన ఒప్పుకోలేదు.

దయ్యాల మాట సాగింది, పొమ్మన్నవాళ్ల మాట సాగింది, వెంట వస్తానన్నవాడి మాట సాగలేదు.

దోనెలో చోటు లేక కాదు. అంతకుముందు అధ్యాయంలోనే, ఆయన వెంట మరికొన్ని దోనెలు కూడా వచ్చాయని మార్కు రాసి పెట్టాడు. ఆ మనిషి అడిగింది కానిది కూడా కాదు. మూడో అధ్యాయంలో పన్నెండుమందిని ఏర్పరచుకున్నది మొట్టమొదట "తనతో కూడ ఉండునట్లు" అని ఉంది. పన్నెండుమందికి పిలిచి ఇచ్చిన భాగ్యాన్నే ఇతను కాళ్లు పట్టుకుని అడిగాడు. దానికి జవాబు: "నీవు నీ యింటివారియొద్దకు వెళ్లి..."

"యింటివారు" అనే మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మా గుమ్మం పైన యెహోషువ 24వ అధ్యాయంలోని మాట స్టిక్కరు అంటించి ఉంటుంది: "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము." తెలుగు క్రైస్తవుల ఇళ్లలో అది లేని గుమ్మం తక్కువ. గృహప్రవేశానికి ఎవరో ఒకరు ఆ వచనం ఉన్న ఫ్రేము తెస్తారు, గడియారం తెచ్చినా దాని మీదా అదే ఉంటుంది. మా స్టిక్కరు ఎండకు వెలిసిపోయింది. "నేనును" ఇంకా కనబడుతోంది, "యింటివారును" దగ్గర అంచు లేచిపోయింది. ఏదో ఉపమానం కోసం అల్లిన మాట కాదిది, నిజంగానే అక్కడే లేచింది.

ఆ మనిషి ఇంటికి వెళ్లిన రోజు ఎలా ఉండి ఉంటుంది? అతనిది దెకపొలి, అంటే పది పట్టణాల ప్రాంతం. ఆ పది పట్టణాల్లోనూ బాగుపడ్డవాడిగా తిరగొచ్చు, కొత్తవాళ్లకు కథ చెప్పొచ్చు, వాళ్లు ఆశ్చర్యపడతారు. ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపడే ముందు తలుపేసుకుంటారు. వాళ్లకు ఆ కేకలు గుర్తు. బంధించడానికి గొలుసులు తెచ్చినవాళ్లలో వాళ్లూ ఉండే ఉంటారు. తెగిన గొలుసు ఏదో మూల ఇంకా పడి ఉంటుంది. ఇతను ఎవరివో బట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడి "నేను బాగయ్యాను" అంటే, ఎంతమంది నమ్మి ఉంటారు? ఇవాళ బాగానే ఉన్నాడు, రేపటి సంగతో? ఎల్లుండి సంగతో? అలా ఎన్ని తెల్లవారుజాములు గడిస్తే వాళ్లు మొదటిసారి కంటినిండా నిద్రపోయి ఉంటారు?

యేసు వెంట వెళ్లి ఉంటే ఈ బాధ లేదు. గలిలయలో ఇతని పాత బతుకు చూసినవాళ్లెవరూ లేరు. అక్కడ ఇతను ఒక అద్భుతం, అంతే.

మన సంఘాల్లో "సేవకు వచ్చాడు" అనే మాటకు పెద్ద విలువ. ఉద్యోగం మానేశాడంటే విశ్వాసంలో ఒక మెట్టు పైకెక్కినట్టు. నిజంగా పిలుపు అందుకుని, అన్నీ వదిలి కష్టపడుతున్నవాళ్లను నేనెరుగుదును. వాళ్లను తక్కువ చేసే మాట నా నోట రాదు. కానీ శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం రాత్రి ప్రార్థన, మంగళవారం గృహకూడిక అని వారంలో మూడు రోజులు ఇల్లు వదిలి తిరిగి, పిల్లాడు ఏ క్లాసుకొచ్చాడో తడుముకునే తండ్రులనూ చూశాను. నేనూ కొంతకాలం అలాగే తిరిగాను. ఇంట్లో మాట పెరిగే వేళకి సరిగ్గా నాకు ప్రార్థన భారం కలిగేది. తన ఇంటివారిని చూసుకోనివాడు "అవిశ్వాసికన్న చెడ్డవాడు" అని పౌలు తిమోతికి ఎంత కటువుగా రాశాడో! ఆ వచనం మీద ఎవరైనా వాక్యం చెప్పగా విన్న గుర్తు నాకు లేదు.

అయితే ఇల్లే ముఖ్యం, మిగతాదంతా తర్వాత అని ఇక్కడితో తేల్చేస్తే అదీ పొరపాటే. లూకా ఈ సంగతిని ఎనిమిదో అధ్యాయంలో రాసి, తొమ్మిదో అధ్యాయం చివర ఇంకో మనిషిని చూపిస్తాడు. ప్రభువా, నీ వెంట వస్తాను, ముందు మా ఇంట్లోవాళ్ల దగ్గర సెలవు తీసుకుని రానీ అని అతను అడుగుతాడు. న్యాయమైన కోరికే కదా! "నాగటిమీద చెయ్యి పెట్టి వెనుకతట్టు చూచువాడెవడును" దేవుని రాజ్యానికి పాత్రుడు కాడని యేసు జవాబు. ఒక్క అధ్యాయం తేడాలో, వెంట వస్తానన్నవాణ్ణి ఇంటికి పొమ్మన్నాడు, ఇంటికి వెళ్లొస్తానన్నవాణ్ణి వెనక్కి చూడొద్దన్నాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది అడిగితే టీచరమ్మ "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అంది. పెద్దయ్యాక తెలిసిందల్లా ఇంతే: ఇద్దరూ ముందే ఒక చోటు ఎంచుకుని వచ్చి ఆయన ముద్ర వెయ్యమన్నారు. వెంబడించడమంటే ఎక్కడికో ఆయన చెప్పాలి. నాగటి చాలు ఏ చేలో ఉంటే దున్నేవాడి చూపు అక్కడే ఉండాలి. కొందరికి ఆ చేను ఇంటి బయట ఉంటుంది. నాలాంటివాళ్లకి వంటింటి గడప దగ్గరే మొదలవుతుంది, రాళ్లు కూడా అక్కడే ఎక్కువ.

ఒంగోలు చరిత్రలో ఇలా వెనక్కి వెళ్లిన మనిషి ఒకాయన ఉన్నాడు, యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు. ఆ పని మీద ఏలూరు దాకా తిరిగేవాడు, అక్కడే సువార్త విన్నాడు. విన్నవాడు ఏలూరులోనే మిషనరీ దొరల పంచన ఉండిపోవచ్చు. తోళ్ల మూట ఎత్తుకుని తన పల్లెకే తిరిగి వెళ్లి, ముందు ఇంట్లోవాళ్లకు, తర్వాత చుట్టాలకు, ఆ తర్వాత పక్క పల్లెలకు చెప్పాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం కట్టినప్పుడు సభ్యులు 8 మంది. అదే నెలలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, పేరయ్య ఊరివైపు వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి ఆంధ్ర బాప్టిస్టులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ ఏటికి మొదటి ఊట తోళ్ల మూటతో ఇల్లు చేరిన మనిషి అని నేననుకుంటాను.

ఆ తొలితరం వాళ్లకు పెట్టిన నియమాలు కూడా ఎంత ఇంటి పట్టునవో చూడండి. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి తేలికే. కానీ తోలు పని వాళ్లదే అయిన ఊళ్లో ఆదివారం రాము అంటే తోలు బొక్కెనతో నీళ్లు తోడే మోతుబరుల మోట ఆగిపోతుంది. డప్పు కొట్టము అంటే జాతర ఆగిపోతుంది. దానికి బదులుగా బావి బంద్, అంగడి బంద్, కూలి బంద్. మైకులో సాక్ష్యం చెప్పిన నాకు ఆ ఆదివారం పోయిందేమీ లేదు. వాళ్లకు ఒక్కో ఆదివారం ఒక్కో పూట కూడు పోయింది.

మార్కు దగ్గరికి మళ్లీ వస్తాను. పొమ్మని బతిమాలుకున్న ఆ దెకపొలి ప్రాంతానికి యేసు ఏడో అధ్యాయంలో మళ్లీ వస్తాడు. ఈసారి జనం ఒక చెవిటివాణ్ణి తీసుకొచ్చి, అతని మీద చెయ్యి ఉంచమని వేడుకుంటారు. పొమ్మన్న చోటే ఇప్పుడు రమ్మని బతిమాలుకోవడం. మధ్యలో ఏం జరిగిందో మార్కు రాయలేదు. ఆ ఇంటికి పోయిన మనిషే కారణమని నేను బల్లగుద్ది చెప్పను. మధ్యలో ఒక మనిషి ఉన్నాడని మాత్రం మార్కే చెప్పాడు. ప్రభువు దోనె ఎక్కనివ్వని ఆ మనిషే.

ఇది రాస్తుంటే మా సంఘంలో ఒకాయన గుర్తొస్తున్నాడు. తాగుడుకి బానిసై ఇల్లు గుల్ల చేసినవాడు. బాప్తిస్మం తీసుకుని మానేశాడు. సంఘమంతా చప్పట్లు కొట్టాం, సాక్ష్యం చెప్పించాం, పక్క ఊరి కూడికలకు కూడా తీసుకెళ్లాం. ఆయన చెబుతుంటే జనం ఏడ్చేవారు. ఆ రోజుల్లో వాళ్లమ్మ ఎప్పుడూ ఏమీ మాట్లాడేది కాదు. గుడికి వచ్చేది, చాప మీద గోడకానుకుని కూర్చునేది, వెళ్లిపోయేది. ఆవిడకి విశ్వాసం తక్కువేమో అనుకునేవాళ్లం.

తర్వాత తెలిసింది. కొడుకు తాగుడు మానేసినా ఆవిడ పింఛను డబ్బులు బియ్యం డబ్బా అడుగునే దాచేది. వారానికోసారి చోటు మార్చేది కూడానట. కొడుక్కి ఆ సంగతి తెలుసు. వంటింట్లోకి వెళ్లాల్సి వస్తే వెళ్లే ముందు దగ్గేవాడట, వస్తున్నానని ఆవిడకు తెలియడానికి. ఏడాది పైనే గడిచింది అలా.

ఒక సాయంత్రం ఆవిడకి బీపీ మాత్రలు అయిపోయాయి. డబ్బా మూత తీసి, కొడుకు చూస్తుండగానే బియ్యంలో చెయ్యి పెట్టి ఐదొందల నోటు తీసి ఇచ్చింది. అతను వెళ్లాడు. దారిలో పాత సావాసగాళ్లు కూర్చునే కొట్టు ఉంది, దాన్ని దాటి మందుల షాపుకి వెళ్లి, మాత్రలు కొని తిరిగొచ్చాడు. మిగిలిన చిల్లర తల్లి చేతిలో పెట్టి, "లెక్క చూసుకో అమ్మా" అన్నాడట.

ఆవిడ చూసుకోలేదు. అలాగే కొంగున ముడేసుకుంది.