నొప్పి లేని పుండు: అత్తమ్మ పాదం మానేదాకా

మా అత్తమ్మకు షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పోయిన ఏడు ఆషాఢంలో బోనాలకు చెప్పుల్లేకుండా నడిచినప్పుడు, కుడి అరికాల్లో బొటనవేలి కింద ఏదో గుచ్చుకుంది. ఆ సంగతి ఆమెకే తెలియలేదు. వారాసిగూడలోని మా ఇంట్లో గచ్చు మీద చీము మరకలు కనిపిస్తే నేనే కాలు ఎత్తి చూశాను. "నొప్పి లేదు కదా బిడ్డా, అదే మానుతది" అంది.

నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమని ఆసుపత్రిలో అర్థమైంది. డాక్టర్ చచ్చిన చర్మం తీసేసి, మాత్రలు ఆపి ఇన్సులిన్ మొదలుపెట్టారు. వార్డులోని సిస్టర్ అత్తమ్మను కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ దారం లాంటిదాన్ని పాదానికి ఆనించింది. దాన్ని మోనోఫిలమెంట్ అంటారు, 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. తగిలితే చెప్పమంటే అత్తమ్మ చాలాచోట్ల మాట్లాడలేదు. "పాదంలో స్పర్శ తగ్గింది, ఏం తగిలినా ఆమెకు తెలియదమ్మా, మీరే రోజూ చూడాలి" అంది సిస్టర్. డిశ్చార్జ్‌కు ముందు తన ఎదుటే నాతో డ్రెస్సింగ్ చేయించింది. ఆమె అంత ఓపిగ్గా నేర్పకపోతే నేను ధైర్యం చేసేదాన్ని కాదు.

ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సెలైన్‌తో తడిపిన గాజ్‌తో (కట్టు కట్టే పలుచని నూలు గుడ్డతో) పుండు మధ్య నుంచి బయటికి తుడవాలి. ఒకసారి తుడిచిన గుడ్డ మళ్లీ వాడకూడదు. పసుపు, ఆకు పసర్లు వద్దు. వాసన వచ్చినా, అంచులు నల్లబడినా, చుట్టూ ఎర్రగా వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే తీసుకురమ్మంది.

ఇన్సులిన్ దగ్గర నాకు టెన్షన్ పెట్టింది సూది కాదు, సిరంజి. మా సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంది. దానికి ఎర్ర మూత సిరంజే వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కు. రెండూ తారుమారైతే డోసు మొత్తం తప్పుతుంది. మందుల షాపులో తొందరలో ఏదో ఒకటి చేతిలో పెడతారు, మనమే చూసుకోవాలి. పొట్ట మీద బొడ్డుకు రెండంగుళాలు వదిలి, రోజూ చోటు మార్చి ఇచ్చేదాన్ని. ఒకేచోట పొడిస్తే గడ్డ కట్టి మందు సరిగా ఎక్కదు.

ఒక రాత్రి అత్తమ్మకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. మిషన్‌లో చూస్తే 58. షుగర్ 70 కంటే తగ్గితే ఆగకూడదని సిస్టర్ ముందే చెప్పింది. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూశాను. పెరిగింది. అప్పుడు అన్నం పెట్టాను. సాయంత్రం సరిగా తినకుండానే సూది వేయించుకుందని తర్వాత చెప్పింది. అప్పటి నుంచి కంచం ముందు పెట్టాకే సిరంజి తీస్తున్నాం.

వీటన్నిటికంటే కష్టం ఆమెను నడవకుండా ఆపడం. ఎంత బాగా కట్టు కట్టినా ఆ కాలి మీద బరువు పడితే పుండు మానదు. పొద్దున లేస్తే ముగ్గు, పూజ, వంటింట్లో పని. జీవితమంతా చేసిన మనిషిని కూర్చోబెట్టడం మాటలు కాదు. కూరగాయలు మంచం దగ్గరికే తెచ్చి ఇచ్చేదాన్ని. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నాతో కబుర్లు చెప్పేది. అలా కూర్చోబెట్టాకే పుండు ఎర్రగా కండ పట్టడం మొదలైంది. దసరా దాటాక పూర్తిగా మూసుకుంది.

ఇప్పుడు ఇంట్లో కూడా ఎంసీఆర్ చెప్పులే వేసుకుంటుంది. మెత్తటి రబ్బరు అడుగున్న చెప్పులవి. స్నానం నీళ్ల వేడి కాలితో కాదు, మోచేత్తో చూస్తాం. రాత్రి వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, అద్దం పెట్టి అరికాలు చూస్తాను. ఈసారి బోనాలకు చెప్పులతోనే గుడి దాకా వచ్చింది, బోనం నేనెత్తుకున్నాను. ఒకసారి పుండు పడినచోట మళ్లీ పడే అవకాశం ఎక్కువని డాక్టర్ చెప్పారు. అందుకే మానినా మూడు నెలలకోసారి పాదం చూపిస్తూనే ఉన్నాం.