యాభై మీటర్ల లోపల: ఎరిక్ హార్ట్‌మన్ పద్ధతి

కర్నూలు ఎస్టీబీసీ గ్రౌండ్‌లో క్రికెట్ పిచ్‌లు రెండున్నర వరసగా పెట్టుకోండి. సుమారు 50 మీటర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ శత్రు విమానంపై ట్రిగ్గర్ నొక్కాలనుకునే దూరం దాదాపు అంతే.

ఇది తెగింపు కాదు, లెక్క. ఆయన నడిపిన మెసర్‌ష్మిట్ 109 జీ-6 యుద్ధవిమానంలో ప్రొపెల్లర్ మధ్యనుంచి పేలే 20 మి.మీ. తుపాకి ఒకటి, దానికి 200 గుండ్లు. నిమిషానికి 700 చొప్పున పేలితే 17 సెకన్లలో ఖాళీ! దూరంనుంచి చల్లితే గురీ పోతుంది, గుండ్లూ పోతాయి.

ఆయన పద్ధతి ఇదీ: చూడు, తేల్చుకో, కొట్టు, తప్పుకో. గిరగిర తిరిగే డాగ్‌ఫైట్ ఆయనకు గిట్టేది కాదు.

దీనికో తంటా ఉంది. దగ్గరగా కొడితే ఎదుటి విమానం తునకలు మనకే తగులుతాయి. 1942 నవంబర్ 5న తొలి విజయమప్పుడే అట్లా అయింది: ఐఎల్-2 అనే సోవియట్ దాడి విమానం కింద, కవచం తక్కువున్న ఆయిల్ కూలర్‌ను కొట్టాడు, ఊడిన ముక్కలు తన ఇంజిన్‌కే తగిలి, చక్రాలు దించకుండా విమానం పొట్టమీదే దిగాల్సొచ్చింది. 1943 ఆగస్టులోనూ అదే తీరు; ఈసారి రష్యన్లకు చిక్కి, గాయపడినట్టు నటించి తప్పించుకున్నాడు.

మొత్తం 352 విజయాలంటారు, అంటే కూల్చిన విమానాలు. ఆ అంకెపై చరిత్రకారుల్లో పేచీ ఉంది. యుద్ధం ముగిశాక సోవియట్ చెరలో పదేళ్లు, 1955లో విడుదల. తర్వాత పశ్చిమ జర్మనీ వైమానిక దళంలో చేరి, అమెరికన్ జెట్ యుద్ధవిమానం ఎఫ్-104 స్టార్‌ఫైటర్ కొనుగోలును వ్యతిరేకించాడు. ఆ విమానాలు వరసగా కూలాయి. 1970లో రిటైరయ్యాడు.