గరిష్ఠంగా 12 గంటలు

పడుకుందామని దీపం ఆర్పి మళ్లీ లేచి వచ్చాను. ఒక్క మాట నిద్ర పట్టనివ్వడం లేదు. "గరిష్ఠంగా".

చిన్న లాప్‌టాప్ కోసం నేను పడుతున్న అవస్థ మూడో వారంలోకి వచ్చింది. మొన్నటి జాబితాలో ఇక రెండే మిగిలాయి. రెండింటివీ 13 అంగుళాల తెరలే, బరువు కిలోకి కాస్త అటూ ఇటూ. ఒకదాని బ్యాటరీ 42 వాట్ అవర్లు, అంటే ఒక్క వాట్ చొప్పున లాగితే 42 గంటలు వస్తుందన్నమాట. రెండోదానిది 60. రెండోదాని ధర మూడో వంతు ఎక్కువ.

చవకదాని వివరాల్లో "గరిష్ఠంగా 12 గంటలు" అని రాశారు. 42ని 12తో భాగించాను. మూడున్నర. అంటే పొద్దస్తమానం మూడున్నర వాట్లతో నెట్టుకురావాలన్నమాట. అంత తక్కువతో ఏం చేయించారా అని అడుగున చీమ తలకాయంత అక్షరాలు చదివాను. వైఫై ఆపేశారట, తెర వెలుగు 150 నిట్స్ దగ్గర పెట్టారట, ఒకే వీడియోను తిప్పి తిప్పి ఆడించారట. కిటికీ పక్కన కూర్చుంటే ఆ వెలుగులో అక్షరాల కంటే నా మొహమే బాగా కనిపిస్తుంది. ఇంతా చేసి చివరికి "గరిష్ఠంగా" అన్నారు. రెండు గంటలు వచ్చినా అది గరిష్ఠంలో భాగమే కదా, అబద్ధం ఆడినట్టు కాదు. కూరగాయలు తూచే మనిషి ఇలా మాట్లాడితే ఊరుకుంటామా?

నా వాడకం నాకు తెలుసు. బ్రౌజర్‌లో పాతిక పేజీలు తెరిచి ఉంటాయి, వెనకాల పాట ఉంటుంది. ఎనిమిది వాట్లకు తగ్గదు. ఆ లెక్కన చవకది ఐదు గంటల చిల్లర, ఖరీదైనది ఏడున్నర. మూడో వంతు ధర ఎక్కువ పోసి రెండుంపావు గంటలు కొనుక్కుంటున్నాను. నిజానికి బ్యాటరీ సైజు ఒక్కటే చూడటమూ తప్పే. 2020 నవంబరులో ఎం1 చిప్‌తో వచ్చిన ఆపిల్ లాప్‌టాప్ మాక్‌బుక్ ఎయిర్‌లో ఉన్నది 49.9 వాట్ అవర్లే. వెబ్ చూడటానికి 15 గంటలన్నారు. అక్కడ మహిమంతా ప్రాసెసర్ పొదుపుది. అదీ "గరిష్ఠంగానే" అనుకోండి.

భోజనాల దగ్గర ఆయన ఊరికే అడిగినట్టు అడిగారు: "అసలు నువ్వు రోజుకి ఎన్ని గంటలు ప్లగ్గుకి దూరంగా ఉంటావు?" వినపడనట్టు లేచిపోయాను. ఆయనకు తెలియక కాదు. నా పాత నెట్‌బుక్, ఆ బుల్లి లాప్‌టాప్ సంగతి ఆయన ఎన్నిసార్లు విన్నారో.

2009లో కొన్నాను దాన్ని. అంతకు రెండేళ్ల ముందు ఆసుస్ కంపెనీ "ఈ పీసీ" (Eee PC) దారి తెరిస్తే అందరూ ఆ బుల్లి యంత్రాల మీద పడ్డ రోజులు. మూడు సెల్‌ల బ్యాటరీది చవక. ఆరు సెల్‌లది వెనకాల మూపురంలా పొడుచుకొచ్చేది, ధరా ఎక్కువ. నేను మూడే చాలనుకున్నాను. లోపలి ఆటమ్ ప్రాసెసర్ పాపం రెండున్నర వాట్లతో సరిపెట్టుకునేది. దానికీ మిగతా భాగాలకీ మధ్య కబుర్లు మోసే చిప్‌సెట్ మాత్రం అంతకు రెట్టింపు పైగా లాగేది. యజమాని కంటే గుమాస్తా ఖర్చు ఎక్కువ.

ఆ ఏడాదే నాన్న ఉద్యోగం రోజుల సంగతులు చెబుతుంటే టైపు చేయడం మొదలుపెట్టాను. ఆయన పెరట్లో కుర్చీ వేసుకుంటేనే మాట్లాడేవారు. గదిలో కూర్చోబెడితే "ఏముందమ్మా చెప్పడానికి" అని పేపరు చేతిలోకి తీసుకునేవారు. పెరట్లో ప్లగ్గు లేదు. ఎక్స్‌టెన్షన్ తీగ గడప దాకా వచ్చి ఆగిపోయేది. రెండు గంటలు గడిచేసరికి నెట్‌బుక్ అంచున ఎర్రదీపం మినుకుమనేది. నేను గడప మీదికి జరిగేదాన్ని, నాన్న అక్కడినుంచే గొంతు పెంచేవారు. గొంతు పెరిగితే కథ మారిపోయేది. మామూలుగా చెప్పినప్పుడు భయపడిన మనిషి, గట్టిగా చెప్పినప్పుడు ధైర్యవంతుడైపోయేవారు. వరదలో వాగు దాటిన సంగతి నా ఫైలులో రెండు రకాలుగా ఉంది. ఒకదాంట్లో ఫైళ్ల సంచి నెత్తిన పెట్టుకుని దాటేశారు. ఇంకోదాంట్లో చీకటిపడేదాకా గట్టు మీదే నిలబడ్డారు.

ఆ మూడు సెల్‌ల పొదుపును ఏళ్లతరబడి తిట్టుకున్నాను. ఇందాక ఆ ఫైలు తెరిచాను. చాలా రోజుల టైపు నాన్న అన్న ఒకే మాటతో ముగిసింది: "దీపం వచ్చింది, ఇవాళ్టికి చాలు." అది కూడా టైపు చేసేశాను, గడప దాకా వెళ్లకముందే. ఎనిమిది గంటల బ్యాటరీ ఉండి, నేను ఆపకుండా అడుగుతూ పోతే, ఆయన రెండోరోజు కుర్చీ వేసుకునేవారా? అనుమానమే. మొహమాటానికి ఇంకో గంట కూర్చుని మూడోరోజు నుంచి పేపరు పట్టుకునేవారు.

నిద్ర ఎలాగూ పోయింది కదా అని ఇప్పుడు వాడుతున్న దాని బ్యాటరీ నివేదిక తీశాను. కొత్తలో 42,000 మిల్లీవాట్ అవర్లు పట్టేది, ఇప్పుడు 26,000. ఐదేళ్లలో ఛార్జింగ్ చక్రాలు, అంటే బ్యాటరీ మొత్తం వాడి మళ్లీ నింపిన లెక్క, 163. ఇంత తక్కువ వాడితే ఇంత పోవడం ఏమిటి? ఏముంది, ఐదేళ్లూ దాన్ని బల్ల మీద ప్లగ్గుకి కట్టేసి, వేడిలో, నూటికి నూరు దగ్గర నిలబెట్టాను. లిథియం అయాన్ బ్యాటరీకి అంతకంటే శిక్ష లేదు. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉందని కొన్న నెలలోనే చూశాను. మిగతా ఇరవై వదులుకోవడానికి మనసొప్పక మూసేశాను.

కాబట్టి భోజనాల దగ్గర ఆయన వేసిన ప్రశ్నకు జవాబు దొరికింది, ఆయనకు మాత్రం చెప్పను. 60ని 80 దగ్గర ఆపితే 48, 42ని ఆపితే 33 చిల్లర అని మళ్లీ ఖరీదైనదాని వైపు లెక్క మొదలైంది కానీ, కాగితం మడిచేశాను. ఉన్నదానికే కొత్త బ్యాటరీ వేస్తే ఆ రెండు ధరల తేడాలో సగం కూడా కాదు.

కాకపోతే ఆ నెట్‌బుక్‌కి అడుగున గొళ్లెం జరిపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. దీనికి పది మరలు విప్పాలి. టార్చి వేసి లెక్కపెడితే ఎనిమిదే కనిపించాయి. మిగతా రెండూ వెనక రబ్బరు కాళ్ల కింద ఉంటాయట. నా గోళ్లతో ఊడిరాలేదు. మా చిన్నదాని గోళ్లు సన్నం. పొద్దున అది లేవాలి.