సింకు కింద డిసెంబరు 2

2024 డిసెంబరు 2, సోమవారం. పొద్దున్నే ఇడ్లీ పాత్ర కడుగుదామని కుళాయి తిప్పితే సింకులో నీళ్లు దిగలేదు. పావుగంట చూశాను. జానెడు నీళ్లు నిలిచాయి, పైన ఆవాలు తేలుతున్నాయి. నా భార్య పెళ్లికని రాజమండ్రి వెళ్లింది. ఇంట్లో నేను, డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మ. ప్లంబరుకు ఫోను చేస్తే సాయంత్రం వస్తానన్నాడు. ప్లంబర్లు చెప్పే సాయంత్రం ఏ వారానిదో ఎవరికీ తెలియదు.

మా వాచ్‌మన్‌కు సంగతి తెలిసి ఒక యాసిడ్ సీసా, ఒక బ్లీచింగ్ పౌడర్ పొట్లం తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "ముందు ఇది పోసి, పైన అది చల్లండి సార్. గొట్టం అద్దంలా అవుతుంది." పాపం, మంచి మనసుతోనే చెప్పాడు. కానీ ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒక్క కిటికీ ఉన్న మా వంటింట్లో అది పీల్చి ఉంటే ఈ కథ చెప్పడానికి నేను ఆసుపత్రి మంచం మీద ఉండేవాణ్ణి. బాత్రూములు కడిగేటప్పుడు ఈ రెండింటినీ కలిపేసే ఇళ్లు నేను చాలా చూశాను.

అమ్మకు రసాయనాల సంగతులేమీ తెలియవు. సీసా చూడగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "అది బయట పెట్టేసిరా నాన్నా. అసలే ఇవాళ తారీకు మంచిది కాదు."

మా నాన్న భోపాల్‌లో భెల్ ఉద్యోగి. 1984లో నాకు పదేళ్లు. ఆ ఏడు డిసెంబరు 2, ఆదివారం అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు వెలువడింది. గాలి పాతనగరం మీదికి వీచింది. భెల్ క్వార్టర్లలో మేం నిద్రపోతూనే ఉన్నాం. మేం బతకడానికి కారణం గాలి వాటం, అంతే. నిద్రలోనే పోయినవాళ్లు, పరుగెత్తుతూ దారిలో పడిపోయినవాళ్లు, హమీదియా ఆసుపత్రి వరండాల్లో కళ్లు తెరవలేక కూర్చున్నవాళ్లు... ఇవన్నీ పెద్దవాళ్ల మాటల్లో విన్నవే. నాకు సొంతంగా గుర్తున్నది తర్వాతి సంగతి. ఫ్యాక్టరీలో మిగిలిన ఆ రసాయనాన్ని పురుగుమందుగా మార్చేస్తామని, ఆ పనికి 'ఆపరేషన్ ఫెయిత్' అని పేరు పెట్టి, డిసెంబరు 16న మొదలుపెట్టారు. పేరులో ఉన్న నమ్మకం జనంలో లేదు. గుంపులు గుంపులుగా ఊరు వదిలారు. మేమూ జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయవాడ వచ్చేశాం. అమ్మ సంచిలో నాలుగు తడి తువ్వాళ్లు పెట్టుకుంది. నాగపూర్ దాటేదాకా వాటిని ఆరనివ్వలేదు. స్టేషను వస్తే చాలు, దిగి తడిపి తెచ్చేది.

కాబట్టి మా ఇంట్లో యాసిడ్ సీసాకు చోటు లేదు. వంటసోడాతోనే ఏదో ఒకటి చేయాలి.

ముందు నిలిచిన నీళ్లను చెంబుతో బకెట్టులోకి తోడాను. తోడకుండా సోడా వేస్తే అది ఆ నీళ్లలోనే కలిసిపోతుంది, అడ్డం దాకా చేరదు. తర్వాత అర కప్పు వంటసోడా రంధ్రంలోకి జారవిడిచి, పైన అర కప్పు వెనిగర్ పోశాను. బుస్సుమని నురగ పొంగింది. పాత బనీను ఒకటి పైన కప్పి, ఇరవై నిమిషాలు ఆగుదామని ముందుగదిలోకి వచ్చాను.

టీవీలో భోపాల్ నలభై ఏళ్ల కార్యక్రమం వస్తోంది. ఆ రాత్రి ఏం జరిగిందో బొమ్మలు గీసి చూపిస్తున్నారు. ప్లాంటులో మూసుకుపోయిన గొట్టాలను నీళ్లతో కడుగుతున్నారట. నీళ్లు అటు పోకుండా మధ్యలో వేయాల్సిన రేకు బిళ్ల వేయలేదట. నీళ్లు వెనక్కి ఎదురెక్కి, సుమారు 40 టన్నుల రసాయనం ఉన్న 610వ నంబరు ట్యాంకులోకి చేరాయన్నది ఒక కథనం. కాదు, ఎవరో కావాలని నీళ్లు పెట్టారన్నది కంపెనీ వాదన. ఎలా చేరినా, దాన్ని చల్లగా ఉంచాల్సిన శీతలీకరణ యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. తప్పించుకున్న వాయువును కాల్చేయాల్సిన గొట్టం మరమ్మతు కోసం విప్పి ఉంది.

"గొట్టం కడగబోయా?" అంది అమ్మ. నలభై ఏళ్లలో ఈ ముక్క ఆమె చెవిన పడలేదు. కాసేపాగి వంటింటి వైపు చూసింది. "నువ్వు కిటికీ తెరిచావా?"

తెరిచాను. సోడా, వెనిగర్ కలిస్తే వచ్చేది కార్బన్ డయాక్సైడే, గోళీసోడాలో ఉండేదేనని చెప్పాను. ఆమె నమ్మలేదు, కుర్చీ ఇంకో అడుగు వెనక్కి జరుపుకుంది.

ఇరవై నిమిషాలయ్యాక బాగా వేడినీళ్లు పోశాను. మరిగే నీళ్లు కాదు, ప్లాస్టిక్ గొట్టం మెత్తబడుతుంది. నీళ్లు కొంచెం దిగి ఆగిపోయాయి. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ నురగంతా చూడముచ్చటే తప్ప చేసే పని తక్కువ. రెండూ ఒకదాన్నొకటి చంపుకొంటాయి, మిగిలేది ఉప్పునీళ్లలాంటిది. సన్నటి చెత్త కదిలితే కదులుతుంది. జిడ్డును కరిగించేది వేడి, దాన్ని తీసుకుపోయేది గిన్నెల సబ్బు. రెండోసారి వెనిగర్ మానేసి, గిన్నెల సబ్బు కలిపిన వేడినీళ్లు మూడు చెంబులు పోశాను. గుడగుడమని ఇంకో రెండు అంగుళాలు దిగింది.

ఇక లాభం లేదని సింకు కింద పడుకున్నాను. అడుగున సీసాలాంటి భాగం ఉంటుంది, దాని కింద బకెట్టు పెట్టి చేత్తో తిప్పితే ఊడివచ్చింది. లోపల పిడికెడు ముద్ద. చలికి గడ్డకట్టిన నెయ్యి, టీపొడి, కరివేపాకు ఈనెలు కలిసి తెల్లటి మైనపు ముద్దలా ఉంది. వెనిగర్ దాని పైపొరనైనా తాకినట్టు లేదు. కడిగి బిగిస్తే చుక్కలు కారాయి. రబ్బరు వాషరు తిరగేసి పెట్టానని రెండోసారి విప్పితే గానీ తెలియలేదు. పదకొండున్నరకు నీళ్లు సుడి తిరుగుతూ దిగాయి. యాసిడ్ సీసా వాచ్‌మన్‌కు తిరిగిచ్చి, రెండూ కలిపితే ఏమవుతుందో చెప్పాను. ఐదేళ్లుగా అలాగే కడుగుతున్నానన్నాడు. ప్లంబరు గురువారం వచ్చాడు.

నెల తిరిగింది. 2025 జనవరి 1 రాత్రి ఆ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల విషవ్యర్థాలను కాల్చేయడానికి 12 కంటైనర్లలో ఇండోర్ దగ్గరున్న పీతంపూర్‌కు తరలించారు. మర్నాడు కాఫీ తాగుతూ అమ్మకు పేపరు చదివి వినిపించాను. "ఇన్నేళ్లూ అక్కడే పెట్టుకున్నారా?" అంది. తర్వాత, "పీతంపూర్‌లో మనుషులు లేరా?" అని అడిగింది.