పుట్టపాకలో ఒక నేత ఇల్లు

పోచంపల్లికి బళ్లు కట్టుకుని పోతారు గానీ, పుట్టపాక దాకా వెళ్లేవాళ్లు తక్కువ. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలు తయారీ చూడాలని మా వదినకు ఎప్పటినుంచో కోరిక. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే మీద చౌటుప్పల్ చేరి, అక్కడ సంస్థాన్ నారాయణపురం రోడ్డు పట్టుకున్నాం. ఒకప్పటి నల్గొండ జిల్లానే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలోకి వచ్చింది.

మేం వెళ్లిన ఇంట్లో ముత్తాత నాటి నుంచీ మగ్గం ఆగలేదు. ముందు గదిలో గుంటలో కాళ్లు పెట్టి నేసే రెండు గుంట మగ్గాలు, లోపలి గదిలో రంగు వేసేముందు నూలు పోసుకునే ఆసు, పెరట్లో రంగుల గాబులు. ముత్తాత ముతక పంచెలు నేసేవాడట. తాత చిటికీ పని, అంటే నూలుకు ముడులు కట్టి రంగులద్దే ఇక్కత్ పని నేర్చుకున్నాక ఇంటి దశ తిరిగింది. తేలియా రుమాలు పుట్టిల్లు చీరాల. అక్కడి సరుకు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లేది. చీరాలలో ఆ పని సన్నగిల్లినా పుట్టపాక వాళ్లు వదల్లేదు. ఈ ఊరి గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చాయి. 2020లో తేలియా రుమాలుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పెరట్లో చిలపలు, అంటే నూలు కట్టలు ఆరేసి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే నూనె వాసన గుప్పుమంది. ఆముదం కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, నూలును అందులో పిసికి ఆరబెడతారు. మళ్లీ పిసుకుతారు, మళ్లీ ఆరబెడతారు. ఇలా రోజుల తరబడి సాగుతుంది. అప్పుడే ఎరుపు నూలుకు గట్టిగా పడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులతోనే రుమాలంతా. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలు బిగించి కడతారు. నిలువు పోగులైన పడుగుకూ, అడ్డపోగులైన పేకకూ రెండింటికీ అలా కట్టి అద్దాలి, మగ్గం మీద ఆ రెండు డిజైన్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. ఒక్క పోగు జరిగినా డిజైన్‌లోని ఏనుగు తొండం వంకరపోతుంది.

నా మనసంతా ఆసు గది దగ్గరే ఆగిపోయింది. అర్ధచంద్రాకారంలో మేకులు దిగేసిన చట్రం అది. ఇటు మేకు నుంచి ఎదుటి కొసకు పోగు లాగి, తిరిగి పక్క మేకుకు తేవాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అలా తిరగాలి. నాలుగైదు గంటల పని. తరతరాలుగా ఆడవాళ్లే చేశారు. ఇంటి పెద్దావిడ భుజం పట్టుకుని చూపించింది: "ఎనకట చేత్తోనే పోసేది బిడ్డా. రాత్రయితే రెక్క గుంజేది, నిద్ర పట్టకపోయేది."

ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి అనుభవించే ఈ నొప్పి చూడలేకే ఆసు యంత్రం మీద ఏళ్లు కూర్చున్నాడు. 1999లో అది పూర్తయింది, తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇప్పుడు ఈ ఇంట్లోనూ యంత్రమే ఆసు పోస్తోంది. చేనేత గురించి చెప్పేటప్పుడు నేను అందరికంటే ముందు మల్లేశం పేరే చెప్తాను, ఎందుకంటే బట్ట అందం కంటే ముందు ఆయన అమ్మ భుజం చూశాడు.

మగ్గం మీదున్న అన్నను కూలీ గురించి అడిగాను. నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ పడుగుకు ఇంత అని ఇస్తాడట. ఆ డబ్బు మగ్గం మీద కూర్చున్నవాడి పేరునే వస్తుంది. కండెలు చుట్టిన కోడలికి, చిటికీ కట్టిన బిడ్డకు, ఆసు యంత్రం చూసుకునే అవ్వకు విడిగా ఏమీ రాదు. "అందరి కూలీ లెక్కగడితే ఎంతవుతుంది?" అంటే వేళ్ల మీద కాసేపు లెక్కపెట్టి, "అట్ల ధర చెప్తే కొనేటోళ్లు రారు" అన్నాడు. పెద్దకొడుకు చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో షిఫ్టులకు పోతున్నాడు. వాణ్ణి తప్పుపట్టలేం.

మా వదిన ఒక దుపట్టా తీసుకుంది, చెప్పిన ధరకే. మిల్లు ప్రింటును ఇక్కత్ అని అంటగట్టేవాళ్లు బజార్లో చాలామంది ఉన్నారు, కాబట్టి కొనేముందు బట్ట తిరగేసి చూడండి. ప్రింటయితే వెనకవైపు వెలిసినట్టుంటుంది. ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల దగ్గర రంగు కొంచెం అటూ ఇటూ జరిగి కనిపిస్తుంది. పుట్టపాక వెళ్తే మగ్గం దగ్గర ఫోటోతో సరిపెట్టకుండా లోపలి గదిలోకి కూడా వెళ్లి, ఆసు ఎవరు పోశారో, చిటికీ ఎవరు కట్టారో పేర్లు అడగండి.