పెన్సిల్‌తో ఇంటూ మార్కు

31 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. లోను కాగితాల మీద కస్టమరు ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో ముందే పెన్సిల్‌తో ఇంటూ మార్కులు వేసి ఉంచడం నాకు చేతికి అలవాటైపోయిన పని. ఒక పంట లోనుకు పద్దెనిమిదో ఇరవయ్యో ఇంటూలు. రైతు వచ్చేవాడు, "యాడ మేడమ్?" అనేవాడు. నేను వేలు పెట్టి చూపిస్తూ పోయేదాన్ని, అతను సంతకాలు పెడుతూ పోయేవాడు. తర్వాత రబ్బరుతో చెరిపేసేవాళ్ళం, ఆడిటర్ చూస్తే బాగుండదని. ఆ కాగితాల్లో ఏముందో అతనికి తెలియదు. నిజం చెప్పొద్దూ, సగం నాకూ తెలియదు.

రిటైరయ్యాక ఇదంతా మర్చిపోయాను. పోయిన ఏడాది ఒక ఆస్పత్రి ఫైళ్ళ గదిలో, ఒక పేషెంటు సంతకం పక్కన సరిగ్గా చెరగని ఇంటూ మార్కు కనబడేదాకా.

అక్కడ నాకేం పనో ముందు చెప్పాలి. బెంగళూరులో ఒక ఆస్పత్రి ఎథిక్స్ కమిటీలో నేను మెంబర్ని. పేరు చెప్పను, చేరిన రోజే గోప్యత కాగితం మీద సంతకం పెట్టాను, అదైతే చదివే పెట్టాను. అందుకే ఇక్కడ స్టడీల వివరాలు కూడా కాస్త మార్చి రాస్తున్నాను. మనుషుల మీద కొత్త మందు పరీక్షించాలంటే ముందు ఇలాంటి కమిటీ ఒప్పుకోవాలి. 2019లో వచ్చిన రూల్స్ ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మందైనా ఆ ఆస్పత్రితో సంబంధం లేనివాళ్ళయి ఉండాలి. ఒక లాయరు, కనీసం ఒక మహిళ, ఒక లే పర్సన్ తప్పనిసరి. లే పర్సన్ అంటే డాక్టరూ సైంటిస్టూ కాని మామూలు మనిషి. అది నేను. మీటింగు రోజు పొద్దున్నే మా ఆయన "లే, పర్సన్! టైమయింది" అని లేపుతారు. రెండేళ్ళుగా అదే జోకు.

నన్ను పిలిచింది ముఖ్యంగా తెలుగు కోసం. మాది హిందూపురం. ఆ ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు బాగా ఎక్కువ. హిందూపురం, పెనుకొండ, కదిరి, మదనపల్లె నుంచి, ఇటు బాగేపల్లి, చింతామణి నుంచి కూడా. తెల్లవారకముందే బయల్దేరి, టిఫిన్ క్యారియర్ చంకన పెట్టుకుని ఎనిమిదికల్లా ఓపీ దగ్గర లైన్లో కూర్చునుంటారు. వాళ్ళలో ఎవరినైనా స్టడీలో చేర్చుకోవాలంటే వాళ్ళకు అర్థమయ్యే భాషలో అంతా వివరంగా రాసిన ఫారం ఇచ్చి, ఒప్పుకుంటే సంతకం తీసుకోవాలి. కాబట్టి ఇంగ్లీషు ఫారంతో పాటు కన్నడం, తెలుగు, తమిళం, హిందీ కాపీలు కమిటీ ముందుకొస్తాయి. తెలుగు కాపీ నా వాటా.

మొదటిసారి నాకిచ్చిన ఫారం 19 పేజీలు. అందులో ఒక వాక్యం ఇప్పటికీ అప్పజెప్పగలను: "యాదృచ్ఛికీకరణ అనంతరం మీరు క్రియాశీల ఔషధ సమూహమునకు గానీ నిష్క్రియ ఔషధ సమూహమునకు గానీ కేటాయించబడుదురు." నేను మూడుసార్లు చదివాను. మూడోసారి పైకి చదివాను. మా ఆయన లోపల్నుంచి "ఏం మంత్రం అది?" అన్నారు.

మీటింగులో లేచి ఇది తెలుగు కాదన్నాను. స్టడీ నడిపే డాక్టరుగారు ఒక సర్టిఫికెట్ తీసి చూపించారు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఒకరు అనువాదం చేశారు. ఆ తెలుగును, అసలు ఇంగ్లీషు చూడకుండా, ఇంకొకరు మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పారు. రెండు ఇంగ్లీషులూ సరిపోయాయి. కాబట్టి అనువాదం కరెక్ట్. పద్ధతి మంచిదే, తప్పుడు అర్థాలు పట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ ఆ తిప్పినాయన కూడా యాదృచ్ఛికీకరణ అంటే ఏమిటో తెలిసిన పండితుడే కదా! ఇద్దరు పండితులు ఒకరి మాట ఒకరికి అర్థమైందని సర్టిఫికెట్ ఇచ్చుకుంటే కదిరి నుంచి వచ్చినావిడకి ఏం ఒరిగింది?

ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యని అడిగాను. ఏడో క్లాసు చదివింది, కదిరి దగ్గరి ఊరే. ఫారం చూపించకూడదు, అందుకని ఒక్కో మాట కాగితం మీద రాసి చూపించాను.

"స్వచ్ఛందంగా అంటే ఏందమ్మా?"

ఆలోచించింది. "శుబ్బరంగా స్నానం చేసి పోవాలనేమో మా, ఆస్పత్రికి."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. గోడల మీద, బస్సుల మీద స్వచ్ఛ అని చూసీ చూసీ అలా అనుకుంది, అందులో తప్పేముంది? ఫారంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అది. నీకు ఇష్టమైతేనే చేరు, వద్దంటే ఎవరూ ఏమీ అనరు, మధ్యలో మానేసినా నీ వైద్యం ఆగదు అని చెప్పే మాట. అదే స్నానం దగ్గర ఆగిపోయింది. యాదృచ్ఛికీకరణ దగ్గర అసలు నోరే తిరగలేదు. చీటీలు వేసి తీసినట్టు ఎవరికి ఏ మందో తేలుస్తారు అని చెప్తే, "అట్లయితే అట్లే రాయొచ్చు గదా" అంది.

అట్లే రాయమన్నాను తర్వాతి మీటింగులో. "చీటీ తీసినట్టు, మీకు ఏ మాత్ర వస్తుందో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. అది మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు." దీనికి పెద్దగా అడ్డు చెప్పలేదు. గొడవంతా ప్లాసిబో దగ్గర. "చూడటానికి అచ్చం మందులాగే ఉంటుంది, కానీ అందులో మందు ఉండదు" అని రాయమన్నాను. డాక్టరుగారు మంచాయన, విసుక్కోలేదు. కానీ, "మేడమ్, ఇంత సూటిగా రాస్తే అందరూ పారిపోతారు" అన్నారు. మా కమిటీలో కన్నడ లాయరుగారు అప్పటిదాకా సమోసా తింటూ ఉన్నాయన తలెత్తి, "అంటే ఇప్పుడు అర్థం కాకే ఉంటున్నారనా?" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో పేరా నష్టపరిహారం గురించి. బ్యాంకు బుద్ధి కదా, నేను ముందు చూసేది అదే. ట్రయల్ వల్ల మనిషికి హాని జరిగితే ఎంత ఇవ్వాలో రూల్స్‌లో లెక్కే ఉంది. ప్రాణం పోతే 8 లక్షలు మూలం. దాన్ని వయసు అంకెతో, జబ్బు తీవ్రత అంకెతో గుణించి 99.37తో భాగించాలి. వయసునీ జబ్బునీ బట్టి 4 లక్షల నుంచి 73.6 లక్షల దాకా తేలుతుంది. ఎలాగూ నెలలోపు పోయే స్థితిలో ఉన్నవాళ్ళకైతే 2 లక్షలు. మొదటిసారి ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు, అది వేరే విషయం. తెలుగు ఫారంలో మాత్రం ఇదంతా "వర్తించే నిబంధనల మేరకు పరిహారము చెల్లించబడును" అన్న ఒక్క ముక్కలో తేల్చేశారు. అంకెలన్నీ రాయక్కర్లేదు. కానీ హాని జరిగితే వైద్యం ఉచితమని, డబ్బు కూడా అడిగే హక్కు ఉందని, ఏ నంబరుకి ఫోన్ చేయాలో పెద్దక్షరాల్లో ఉండాలి కదా.

ఇక ఫైళ్ళ గది సంగతి. అనుమతి ఇచ్చేసి చేతులు దులుపుకోవడం కాకుండా, నడుస్తున్న స్టడీలను కమిటీ వాళ్ళు వెళ్ళి చూస్తుంటారు. ఆ రోజు నేనూ లాయరుగారూ వెళ్ళాం. తెలుగు ఫారాలు 14. సంతకం పెట్టిన మనిషే తన చేత్తో తేదీ వేయాలని నియమం. 14 ఫారాల్లోనూ తేదీలు ఒకే దస్తూరీ. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత, అన్నిట్లోనూ. తొమ్మిదో ఫారం లైటుకు పెట్టి చూశాను. సంతకం గీతకు ఎడమ పక్కన ఇంటూ మార్కు, రబ్బరుతో రుద్దిన మసక. దాని ముందు పేజీలోనూ ఉంది. నా గుండె ఒక్కసారి బ్యాంకులోకి వెళ్ళిపోయింది.

కోఆర్డినేటర్ నెల్లూరమ్మాయి. అడిగితే దాచలేదు. "మేడమ్, రోజుకి ఐదారుగురు. సార్‌కి ఓపీలో ఊపిరాడదు. వీళ్ళకి మళ్ళీ మధ్యాహ్నం బస్సు. సంతకం తప్పు చోట పడితే ఆడిట్‌లో నన్నే పీకుతారు. అందుకే మార్క్ పెట్టి ఇస్తాను." అబద్ధం ఒక్కటీ లేదు. 1990ల్లో నేను మా మేనేజరుకు ఇదే చెప్పేదాన్ని, ఇంచుమించు ఇవే మాటల్లో.

ఆ రోజు చెకప్‌కి వచ్చిన ఒకాయనతో, ఆయన సరేనన్నాకే మాట్లాడాను. పెనుకొండ వైపు, యాభై దాటిన మనిషి.

"ఏమప్పా, ఈ స్టడీలో ఎందుకు చేరినావు?"

"సారు సెప్పినాడు, పెట్టినా."

"వద్దనాలంటే వద్దనొచ్చని చెప్పలేదా?"

"అట్లెట్లంటామమ్మా. వద్దంటే మల్ల సూడరేమో గదా."

ఈ భయం ఏ అనువాదానికీ లొంగదు. చూస్తారు, చూసి తీరాలి అని చెప్పాను. తలూపాడు. నమ్మాడో లేదో తెలియదు. నేను కూడా మేడమ్‌నే కదా, మేడమ్ చెప్పింది కాబట్టి ఊపి ఉంటాడు.

ఇంటికొచ్చేటప్పుడు మెట్రోలో ఖమ్మం గుర్తొచ్చింది. 2009లో అక్కడ హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా, స్టడీ జరిగింది. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు, చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు చనిపోయారన్న గొడవతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు బహుశా టీకా కారణం కాదనే విచారణలో తేలింది. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 9,543 ఫారాలు, 1,948 వేలిముద్రలు, 2,763 చోట్ల హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్నలు పెట్టాల్సిన చోట వార్డెన్! ఆ వార్డెన్లు రాక్షసులేమీ అయ్యుండరు. ఎవరో పై నుంచి ఫారాల కట్ట పంపి సాయంత్రానికి కావాలని ఉంటారు. పని అయిపోవాలి, అంతే. ఆ పని అయిపోవడం అనే దాన్ని నేను 31 ఏళ్ళు చేశాను కాబట్టి నాకు దాని వాసన తెలుసు.

మా రిపోర్టు మేరకు ఆ 14 మందికీ మళ్ళీ కూర్చోబెట్టి వివరంగా చెప్పి, ఉండాలో మానాలో అడగమని కమిటీ ఆదేశించింది. ఆ అమ్మాయిని ఏమీ అనొద్దని, తోడుగా ఇంకొక మనిషిని ఇవ్వమని కూడా మినిట్స్‌లో రాయించాను. ఇద్దరు మానేశారు. పెనుకొండ ఆయన ఉన్నాడు.

సవరించిన తెలుగు ఫారం పోయిన వారం వచ్చింది. "మీకు ఇష్టమైతేనే" మొదటి పేజీలోనే ఉంది. చీటీ మాట ఉంది. ప్లాసిబోకి "మందు లేని మాత్ర" అన్నారు, దానికి సరే అన్నాను. మొత్తం 17 పేజీలు. అయితే 11వ పేజీలో ఎవరి కన్నూ పడకుండా ఒక "స్వచ్ఛందముగా" మిగిలిపోయింది. గురువారం మీటింగుకి పట్టుకెళ్ళాలని దాని కింద గీత గీసి పెట్టాను. పెన్సిల్‌తోనే.